రెండున్నరేళ్ల తర్వాత ఇంటికొచ్చాను, బిడ్డ నన్ను ‘మామ’ అంటోంది

కోరుట్ల_కార్పెంటర్
షార్జా నుంచి వచ్చి ఈరోజుకు 12 రోజులు. అక్కడ షట్టరింగ్ పని నాది. నేను పోయినప్పుడు బిడ్డకు ఎనిమిది నెలలు. పాకుతూ వచ్చి నా లుంగీ పట్టుకుని నిలబడేది. ఇప్పుడు మూడేళ్ల మూడు నెలలు.

మా అమ్మ, బాపు భివండిలో అన్న దగ్గర ఉంటారు. అందుకే నా భార్య, బిడ్డ ఇన్నాళ్లూ తల్లిగారింట్లోనే ఉన్నారు. అక్కడ బావమరిది పిల్లలు నన్ను ‘మామ’ అంటారు కదా, వాళ్లను చూసి ఇదీ ‘మామ’ అంటోంది. అంతవరకైతే నవ్వుకునేవాణ్ని. దగ్గరికి రావడం లేదు. రాత్రి నేను గదిలోకి వెళ్తే ఏడుస్తుంది. మొన్న వాళ్లమ్మను అడిగింది, “అమ్మా, గీ మామ ఎప్పుడు పోతడు?” అని. ఆ రోజు నుంచి వరండాలో పడుకుంటున్నాను.

ఇంకో మాట. నేను ఎదురుగానే కూర్చుని ఉంటే, “మీ బాపు ఏడి?” అని ఎవరో అడిగారు. ఉరికి పోయి ఫోన్ తెచ్చి చూపించింది. దానికి బాపు అంటే ఫోన్‌లో ఉండేవాడు.

అక్కడ డ్యూటీ దిగి, బస్సులో క్యాంపు చేరి, స్నానం చేసేసరికి ఎనిమిది అయ్యేది. ఇక్కడ తొమ్మిదిన్నర. అప్పటికే నిద్రపోయేది. వేసవిలో మాత్రం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ మూడు నెలలే బిడ్డ మెలకువగా ఉండగా రోజూ చూసేవాణ్ని.

సెలవు 45 రోజులు. 33 మిగిలాయి. చాక్లెట్లు కొనిపెట్టమని బావమరిది, నాలుగు రోజులు ఏడ్చినా సరే పక్కనే పడుకోబెట్టుకోమని అత్తమ్మ. ఏం చేయాలి?

తూర్పు_గాలి
టెన్షన్ పడకు అన్నా. వారంలో మెడ ఎక్కి కూర్చుంటుంది చూడు.

సీమ_నాపరాయి
అంత చిన్నపిల్ల మాటకు వరండాలో పడుకోవడమేంది? గదిలోకి వెళ్లు, రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. మా అబ్బ ముందర మా నాయన నన్ను ఎత్తుకున్నదే లేదు. పెద్దల ఎదుట సొంత బిడ్డను ముద్దు చేస్తే మర్యాద కాదు ఆ రోజుల్లో. అయినా మేం మా నాయనను మర్చిపోయామా? నీ కష్టం బిడ్డకు పెద్దయ్యాక తెలుస్తుంది.

కోరుట్ల_కార్పెంటర్
@సీమ_నాపరాయి అబ్బ అంటే?

సీమ_నాపరాయి
మా నాయనకు నాయన. మీ పక్క తాత అంటారేమో.

గోదారి_గట్టు
నాకైతే ‘బాపు’ దగ్గర కాస్త తికమక అయింది. మీ కరీంనగర్ వైపు నాన్ననే బాపు అంటారని ఇప్పుడే తెలిసింది. ఒక్క నాన్నకు ఇన్ని పిలుపులు ఉంటే ఆ పసిది మామ అనడంలో వింతేముంది తమ్ముడూ!

సరళ_టీచర్
నేను 19 ఏళ్లుగా నర్సరీ పిల్లలతోనే ఉన్నాను. కొత్తగా బడికి వచ్చిన పిల్లల్ని చూసిన అనుభవంతో చెబుతున్నాను, దయచేసి బలవంతం వద్దు. ఏడ్చి ఊరుకున్న బిడ్డ అలవాటు పడిందని పెద్దలు అనుకుంటారు. చాలాసార్లు అది అలసిపోయి ఊరుకోవడం.

మూడేళ్ల పిల్లకు మీరు నిజంగానే కొత్త మనిషి. ఎనిమిది నెలలప్పటి ముఖం గుర్తుండదు. ఆ పాప చేసినదాంట్లో తప్పు లేదు, మీ తప్పూ లేదు.

మా ట్రైనింగ్‌లో ఒక పరిశీలన గురించి చెప్పారు. 1964లో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే ఇద్దరు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని వాళ్ల ఇళ్లకే వెళ్లి, నెలల తరబడి చూసి రాశారు. ఎక్కువ గంటలు పక్కన ఉన్నవాళ్లకే పిల్లలు దగ్గరవుతారని అనుకుంటాం కదా, అలా తేలలేదు. ఏడిస్తే పలికినవాళ్లకు, నవ్వితే తిరిగి నవ్వినవాళ్లకు గట్టిగా అతుక్కున్నారు. నాన్నకు అతుక్కున్న పిల్లలు అందులో చాలామంది ఉన్నారు. కాబట్టి 33 రోజులు తక్కువని దిగులు పడకండి.

ఒక్కటి చేసి చూడండి. ఫోన్‌లో బాపును గుర్తుపడుతుంది కదా? పక్క గదిలోకి వెళ్లి, రోజూ మాట్లాడినట్టే వీడియో కాల్ చేయండి. కాసేపయ్యాక కాల్ ఆపకుండా మెల్లగా గుమ్మం దగ్గరికి రండి. దగ్గరికి పోవద్దు, చేతులు చాపొద్దు. కింద కూర్చోండి. పొడుగ్గా నిలబడ్డ మనిషిని చూస్తే పిల్లలు భయపడతారు.

తూర్పు_గాలి
ఈ ఫోన్ ఉపాయం అదిరింది టీచర్ గారూ.

డాలస్_డాడీ
@కోరుట్ల_కార్పెంటర్ నేను రోజూ ఇంట్లోనే ఉంటాను. మూడేళ్లుగా ఇంటి నుంచే పని. మా వాడికి ఆరేళ్లు. బళ్లో ఇంటిల్లిపాదిని గీయమంటే గీసుకొచ్చాడు. అమ్మకు ముఖం ఉంది, చెల్లికి ముఖం ఉంది, ఫ్రిజ్ కూడా ఉంది. నాకు మాత్రం వీపు, చెవులకు హెడ్‌ఫోన్. వెనక నుంచే చూశాడు మరి. ఆ కాగితం నా డెస్కు ముందే అతికించుకున్నాను.

సీమ_నాపరాయి
@డాలస్_డాడీ మీరు ఆరడుగుల దూరంలో ఉన్నారు. ఆయన అరేబియా సముద్రం అవతల ఉన్నాడు. రెంటికీ పోలికేంది?

డాలస్_డాడీ
పోలిక కాదండీ. ఆయనకు దారి లేక దూరమయ్యాడు. నేను దారి ఉండి దూరమయ్యాను. నాదే ఎక్కువ తప్పని చెబుతున్నాను.

పాత_క్యాసెట్
@సీమ_నాపరాయి గారు రాసిన “పెద్దయ్యాక తెలుస్తుంది” అన్న మాట దగ్గర ఆగిపోయాను. మాది నిజామాబాద్ జిల్లా. మా నాయిన 1984లో మస్కట్ పోయాడు. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఊళ్లో ఫోన్ లేదు. ఉత్తరం రావడానికి మూడు వారాలు. ఎవరైనా సెలవుకు వస్తుంటే వాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. రెండు వైపులా ఆయన మాటలే. అందరం టేప్ రికార్డర్ చుట్టూ కూర్చునేవాళ్లం. ముందు నాయనమ్మకు చెప్పేవాడు, తర్వాత బాకీల సంగతి, పొలం సంగతి, చివర్లో నా పేరు వచ్చేది. “చెప్పులు లేకుండా ఎండలోకి పోకు బిడ్డా.” అంతే. ఆ ఒక్క ముక్క కోసం క్యాసెట్ మొత్తం వినేవాణ్ని. తర్వాత దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ వినేవాణ్ని.

ఆయన పూర్తిగా తిరిగొచ్చేసరికి నాకు పదహారు. ఇంట్లో ఇద్దరం మగవాళ్లం, మాటలన్నీ అమ్మ మీదుగానే. “ఫీజు ఎంతో చెప్పమను” అని ఆయన, “మూడు వేలని చెప్పు” అని నేను. ఒకే గదిలో! ఆయన కష్టం నాకు తెలియదా? బాగా తెలుసు. మేం తిన్నదీ కట్టుకున్నదీ ఆ కష్టమే. తెలిసినంత మాత్రాన నోరు పెగలదు. ఇరవై ఏళ్లకు పైగా అట్లాగే గడిచాయి.

ఆయనకు కంటి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు అమ్మకు చేతులు వణుకుతాయని చుక్కల మందు నేను వేయాల్సి వచ్చింది. రోజుకు నాలుగుసార్లు, ఆరు వారాలు. తల వెనక్కి వాల్చి, కింది రెప్ప కిందికి లాగి, ఒక్క చుక్క. ఆయన ముఖాన్ని అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు. కనుబొమలో చిన్న గాటు ఉంది. అదేంటని అడిగాను. మస్కట్‌లో రేకు తగిలిందట, ఎనిమిది కుట్లు పడ్డాయట. ఇంటికి తెలియనివ్వలేదు. ఆ రోజు మొదలుపెట్టి ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. నాకు అప్పటికి నలభై నిండాయి.

తమ్ముడూ, నీ బిడ్డకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు. పెద్దయ్యేదాకా ఆగొద్దు.

గోదారి_గట్టు
ఇది చదివి మా నాన్నకు ఫోన్ చేసి వచ్చాను.

రైలుబండి_మామయ్య
నేను గూడ్స్ లోకో పైలట్‌ని. ఇంట్లో కంటే రన్నింగ్ రూముల్లో, అంటే రైలు సిబ్బంది విశ్రాంతి గదుల్లో, పడుకున్న రాత్రులే ఎక్కువ. మా పెద్దదానికి ఐదేళ్లప్పుడు రోజూ ఒకటే ప్రశ్న, “ఈరోజు ఎక్కడ బజ్జుంటావు నాన్నా?” అని. మొదట్లో “వచ్చేస్తా” అని అబద్ధం చెప్పేవాణ్ని. తర్వాత మానేశాను. గోడకు రైల్వే మ్యాపు తగిలించి, వెళ్లే ఊరి మీద దాని చేతే బొట్టుబిళ్ల పెట్టించేవాణ్ని. బల్హార్షా మీద అన్ని బిళ్లలు పడ్డాయి, ఆ ఊరి పేరే కనబడేది కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను నవజాత శిశువుల వార్డులో నర్సుని. మా దగ్గర రోజూ కనిపించేది చెబుతాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ‘కంగారూ మదర్ కేర్’ చేయిస్తాం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు సరిపోక డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా మొదలుపెట్టిన పద్ధతి అది. బట్టలు లేకుండా బిడ్డను అమ్మ రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టి ఉంచడం. ఒంటి వేడి ఒంటికి తగులుతుంది. పేరులో మదర్ ఉంది కానీ నాన్న కూడా చేయొచ్చు.

ఒకసారి 1,450 గ్రాముల పాప. తల్లికి సిజేరియన్ తర్వాత జ్వరం, లేవలేని స్థితి. తండ్రి ఆటో నడుపుతాడు. చొక్కా విప్పి కూర్చోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నా చేతులు గరుకు సిస్టర్, పాప చర్మం గీరుకుపోతుంది” అన్నాడు. పాపను తన ఛాతీ మీద నిలువుగా పెట్టి, తల ఒక పక్కకు తిప్పి కట్టాను. గంటసేపు ఆ మనిషి కదల్లేదు. తుమ్ము వస్తే కూడా ఆపుకున్నాడు. మరుసటి రోజు పొద్దున నేను డ్యూటీ దిగే వేళకు స్నానం చేసి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, “ఇప్పుడు కట్టొచ్చా?” అంటూ. అట్లా 17 రోజులు వచ్చాడు.

కాబట్టి @సీమ_నాపరాయి అన్నా, మన పెద్దలు ఎత్తుకోలేదంటే వాళ్లకు ప్రేమ లేదని నేను అనను. ఎత్తుకుంటే ఎవరో నవ్వుతారన్న భయం కొందరిని ఆపిందేమో. ఆ భయాన్ని మనం మళ్లీ మోయక్కర్లేదు కదా.

సీమ_నాపరాయి
@నైట్‌డ్యూటీ_సిస్టర్ ఆ మాట ఒప్పుకుంటాను అక్కా. మా అబ్బ పొలానికి పోయాక మా నాయన నన్ను భుజాన ఎక్కించుకుని దొడ్లో తిప్పేవాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

చిన్నబడి_అప్పారావు
అసలు నాన్నలకు టైము ఎవరిచ్చారు? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇద్దరు పిల్లల లోపైతే 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి. ప్రైవేటు వాళ్లకు ఆ చట్టమే లేదు, కంపెనీ దయ. తల్లులకు 2017లో 26 వారాలు చేశారు, మంచిదే. బాబు పుట్టినప్పుడు నాకు రెండు రోజులు ఇచ్చారు, అందులో ఒకటి ఆదివారం.

తూర్పు_గాలి
26 వారాలైనా ఎంతమంది ఆడవాళ్లకు అందుతున్నాయి? కూలికి పోయే మా అక్క ఇరవయ్యో రోజే పొలంలో దిగింది. ముందు అది చూడాలి.

చిన్నబడి_అప్పారావు
రెండూ కావాలి. ఒకటి వచ్చాకే ఇంకోటి అనుకుంటూ పోతే ఏదీ రాదు.

ఒంటరి_పిచ్చుక
నాది వేరే కథ. మేమిద్దరం విడిపోయాం. ఫ్యామిలీ కోర్టు చెప్పిన ప్రకారం నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు నా కొడుకును చూస్తాను. మొదటి నెలల్లో ప్రతిసారీ కొత్త బొమ్మ తీసుకెళ్లేవాణ్ని. వాడు బొమ్మను చూసేవాడు, నన్ను చూసేవాడు కాదు. ఒకసారి డబ్బుల్లేక ఒట్టి చేతులతో వెళ్లి, వాడి చేతి గోళ్లు పెరిగి ఉంటే కూర్చోబెట్టి తీశాను. ఇప్పుడు శనివారం రాగానే చేతులు చాపి కూర్చుంటాడు. మధ్యలో వాళ్లమ్మ తీయబోతే తీయనివ్వడట, నాన్న తీస్తాడని. ఆమే చెప్పింది. చాక్లెట్లు వద్దు అన్నా. పని ఏదైనా పట్టుకో.

కొబ్బరిపీచు
పైన @ఒంటరి_పిచ్చుక చెప్పిందే నేనూ చెబుదామని వచ్చాను. మాది రాజోలు దగ్గర. మా ఇంట్లో కువైట్ వెళ్లింది నేను కాదు, నా భార్య. కోనసీమలో ఇది కొత్తేమీ కాదు, మా వీధిలోనే నాలుగిళ్లలో ఇదే పరిస్థితి. పాపకు రెండేళ్లప్పుడు వెళ్లింది. ఐదేళ్లు పాపను నేనే పెంచాను.

జడ వేయడం రాలేదు మొదట్లో. నాకు పీచు తాడు పేనడం తెలుసు, చిన్నప్పటి నుంచీ అదే పని. జడ కూడా అంతే అనుకుని గట్టిగా బిగించేవాణ్ని. పాప కళ్లలో నీళ్లు తిరిగేవి, చెప్పేది కాదు. పక్కింటి పిన్నిగారు చూసి, “తాడు కాదురా అది, తల” అని ముందు కొబ్బరినూనె రాసి, చిక్కు కింద నుంచి తీసి, మూడు పాయలు వదులుగా వేయడం నేర్పింది. రెండు జడలు, రిబ్బను మడిచి కట్టడం రావడానికి నెల పట్టింది.

తర్వాత నా భార్య సెలవుకు వచ్చింది. పాప నా వెనక దాక్కుంది. ఆ రాత్రి ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. అంటే ఇది నాన్న అయినందుకు వచ్చిన కష్టం కాదు తమ్ముడూ, దూరంగా ఉన్నందుకు వచ్చింది.

అప్పుడు నాకొకటి అర్థమైంది. ఇంట్లో ఉన్నవాళ్లు కొంచెం పక్కకు జరగాలి. పాప జడ కోసం నా దగ్గరికే వస్తుంటే, ఆవిడకు చోటెక్కడ? మర్నాటి నుంచి పొద్దున్నే చేపల సంతకని వెళ్లిపోయేవాణ్ని, బడి టైముకు జడ వేసేవాళ్లు వాళ్లమ్మ ఒక్కతే మిగలాలని. మొదటిరోజు జడ లేకుండా బడికి పోయింది. మూడోరోజు వేయించుకుంది. మీ ఆవిడకు చెప్పు. అత్తమ్మగారికీ చెప్పు. ఒక పని నీకు వదలమను. స్నానమో, అన్నం పెట్టడమో. పూర్తిగా నీదే కావాలి.

సరళ_టీచర్
@కొబ్బరిపీచు నేను ట్రైనింగ్‌లో నేర్చుకున్నదాని కంటే ఎక్కువ రాశారు మీరు.

కోరుట్ల_కార్పెంటర్
అన్నీ చదివాను. రెండుసార్లు చదివాను. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను, క్యాసెట్ అన్న రాసింది విని లేచి వంటింట్లోకి పోయింది.

మొన్న ఫోన్ పని చేశాను. పక్క గదిలో నుంచి కాల్ చేస్తే “బాపూ!” అని ఎప్పటిలాగే గాజులు చూపించింది. మెల్లగా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాను. నన్ను చూసింది, ఫోన్ చూసింది, మళ్లీ నన్ను చూసింది. ఫోన్ కింద పడేసి వాళ్లమ్మ దగ్గరికి ఉరికింది. పాడు చేశాననుకున్నాను. సాయంత్రం తనే వచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడి, నా చొక్కా జేబులో ఉన్న ఫోన్ చూపించి, “మళ్ల అండ్ల పోతవా?” అని అడిగింది. లోపలికి మళ్లీ పోతావా అని. నాకు నోట మాట రాలేదు.

తూర్పు_గాలి
అయ్యో బంగారం.

రైలుబండి_మామయ్య
నిజం చెప్పు దానికి. పోతానని చెప్పు.

కోరుట్ల_కార్పెంటర్
ఇంకా చెప్పలేదు. ఈరోజుకు వచ్చి 21 రోజులు. అన్నం పెట్టే పని నాకు వదిలారు. పప్పులో నెయ్యి వేసి చిన్న ముద్దలు చేసి పళ్లెం చుట్టూ పెడుతున్నాను, నా చేత్తో నోట్లో పెట్టనివ్వదు కానీ ముద్దలు తనే తీసుకుంటోంది. నిన్న ఒక ముద్ద తీసి నాకు పెట్టింది. పిలుపు మారలేదు పూర్తిగా. ‘ఫోన్ల బాపు’ అంటోంది. వరండాలో నుంచి గదిలోకి మారాను, మంచానికి అటు చివర.

ఒక భయం మిగిలింది. నేను పోయే రోజు ఫ్లైట్‌కు రాత్రి పదకొండుకు ఇంట్లో నుంచి బయల్దేరాలి. అది నిద్రలో ఉండగా పొమ్మంటోంది అత్తమ్మ, ఏడవదని. పోయినసారి అట్లాగే పోయాను.

పాత_క్యాసెట్
వద్దు. మా నాయిన అట్లాగే పోయాడు. తెల్లారి లేచి ఊరంతా వెతికానట. చాలా ఏళ్లు నిద్రపోవాలంటే అమ్మ కొంగు వేలికి చుట్టుకునేవాణ్ని.

కొబ్బరిపీచు
చెప్పి వెళ్లు. ఏడిస్తే ఏడవనీ. నీ చేతుల్లో ఏడుస్తుంది కదా.

సరళ_టీచర్
వారం ముందు నుంచీ చెప్పండి. సంచి సర్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి, మీ బట్టలు తన చేత పెట్టించండి. మ్యాపు, బొట్టుబిళ్ల సంగతి మామయ్యగారు చెప్పనే చెప్పారు.

సీమ_నాపరాయి
తమ్ముడూ, మళ్లీ పోవాల్సిందేనా? ఊళ్లో షట్టరింగ్ పని దొరకదా?

కోరుట్ల_కార్పెంటర్
పోవాలన్నా. మొదటిసారి ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పులో ఇంకా లక్షా పదివేలు ఉంది. ఈ ఒక్క కాంట్రాక్టుతో తీరుతుంది. ఆ తర్వాత ఇక్కడే చూసుకుంటానని మా ఆవిడకు మాట ఇచ్చాను.

చెప్పే వెళ్తాను. అందరికీ ఇక్కడే రాస్తాను ఏమైందో. రేపు ఆదివారం, దానికి తలంటు. ఆ పని కూడా నాకే ఇచ్చారు. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టాను. కళ్లు మండకుండా నోట్లో ఉప్పురాయి పెట్టాలని అత్తమ్మ చెప్పింది. ఎంత పెద్ద రాయి పెట్టాలి, ఎవరికైనా తెలుసా?

కొబ్బరిపీచు
కందిగింజంత. నీళ్లు ముందు నీ మోచేతి మీద పోసి చూసుకో.